కరివేపాకు మీద ఉన్నది రెట్టేనా?

మీకు తెలుసా? కరివేపాకు లేత రెమ్మ మీద పిట్ట రెట్టలా మట్టిరంగులో, నడుమ తెల్లమచ్చతో కనిపించేది ఒక్కోసారి రెట్ట కాదు, గొంగళిపురుగు. కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక పిల్ల. రెట్టను ఏ పిట్టా ముక్కుతో పొడవదు కదా, అదే దాని ధైర్యం. నాలుగోసారి కుబుసం విడిచాక వేషం మార్చేస్తుంది. ఒళ్లంతా ఆకుపచ్చ, మెడ దగ్గర ఉత్తుత్తి కళ్లు. పుల్లతో మెల్లగా తాకి చూడండి, తల వెనక నుంచి పాము నాలుకలా చీలిన ఎర్రటి కొమ్ము ఘాటు వాసనతో బయటికొస్తుంది!

పెద్దయ్యాక కూడా నటన మానదు. వీటిలో కొన్ని ఆడవి అచ్చం కామన్ రోజ్ అనే సీతాకోకలా ఉంటాయి. ఆ రోజ్ పురుగుగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ తిని విషం ఒంటపట్టించుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. రెక్కల రంగులైతే కుదిరాయి గానీ ఒంటి రంగు కుదర్లేదు. అసలుదాని ఒళ్లు ఎరుపు, దీనిది నలుపు.

పురుగు కనబడగానే మందు కొట్టేసి, సీతాకోకలు రావాలని నర్సరీలో పూలమొక్కలు కొనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. పూలకు అవి తేనె తాగడానికే వస్తాయి. గుడ్లు పెట్టేది పిల్లలు తినగలిగే ఆకు మీదే. నాలుగాకులు పోతే పోనివ్వండి, చారులోకి మిగిలినవి చాలు.

పెరటి మూల జిల్లేడు మొలిస్తే పీకకండి. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు దాన్ని తిని ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోక అవుతుంది. పాలు మాత్రం కంట్లో పడనివ్వకూడదు. చిన్నపిల్లలుంటే జాగ్రత్త.

ఇక తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో తప్పనిసరి. అయినా ఈ పువ్వులో తేనె ఉండదు! ఉన్నదల్లా పుప్పొడే, అదీ కేసరాల కొసన సన్నని రంధ్రాల వెనక. నల్ల తుమ్మెద పువ్వును కరుచుకుని జుయ్‌మంటూ ఒళ్లు అదిలిస్తే ఆ అదురుకి పుప్పొడి జలజలా రాలుతుంది. మామూలుగా ఎగిరేటప్పటి రొద కన్నా ఆ జుయ్ కాస్త కీచుగా ఉంటుంది. పొద్దున్నే పొద దగ్గర నిలబడితే తేడా తెలుస్తుంది.