వీసా ఉంది కదా, ఏమైతది? ఎఫ్-1 మీద వెళ్లేవాళ్ల ప్రశ్నలు

ఈ ఎపిసోడ్ మా ఏరియాలోనే, ఖిలా వరంగల్‌లో తోరణాల పక్కన కూర్చుని చేస్తున్నా. ఎందుకు ఇక్కడో కాసేపట్లో చెప్తా.

పోయిన వారం రాత్రి పదకొండింటికి అమెరికా నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసిండు. మాస్టర్స్ రెండో సెమిస్టర్ నడుస్తోంది. "అన్నా, వీకెండ్ ఒక ఇండియన్ స్టోర్‌లో చేస్తున్నా, క్యాష్ ఇస్తారు, ఏం కాదు కదా?" అన్నాడు. కాన్ఫరెన్స్‌లో ఉన్న చిన్నమ్మ, "వీసా ఐదేండ్లుంది కదా బిడ్డా, ఏమైతది?" అంది. వాళ్ల ఇంటి కాగితాలు లోన్ కోసం బ్యాంకులో ఉన్నాయి. అందుకే ఆ రాత్రి వాళ్లకు చెప్పిందంతా మీకూ చెప్తున్నా. నేను లాయర్‌ని కాదు, బీటెక్ చేసి కోడ్ రాసుకున్నవాణ్ణి. మీ సొంత కేసుకి లాయర్‌నే అడగండి.

ముందు ఒకటి క్లియర్ చేసుకుందాం. వీసా వేరు, స్టేటస్ వేరు. ఈ కోటకి టికెట్ కొంటే గేటు దాటనిస్తారు. లోపలికొచ్చి తోరణం ఎక్కి సెల్ఫీ తీసుకుంటే, టికెట్ చూపించినా సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు. వీసా ఆ టికెట్ లాంటిది. లోపల ఎలా ఉంటున్నావన్నది స్టేటస్. ఫుల్‌టైమ్ కోర్సులో ఉండాలి, క్లాసులకు పోవాలి, పర్మిషన్ లేని పని చేయకూడదు. ఇవన్నీ సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో మీ ఐ-20 పేరు మీద ఉంటాయి. ఇదే లెక్కన, అక్కడున్నప్పుడు పాస్‌పోర్ట్‌లో వీసా డేట్ అయిపోతే భయపడాల్సిన పని లేదు, స్టేటస్ సరిగా ఉంటే చాలు. ఇండియా వచ్చి మళ్లీ వెళ్లాలంటే మాత్రం కొత్త స్టాంపింగ్ కావాలి.

పని సంగతి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు. బయట పని అంటే మామూలుగా సీపీటీ గానీ ఓపీటీ గానీ ఉండాలి. క్యాష్ ఇచ్చారా, బ్యాంకులో వేశారా అన్నది రూల్‌కి సంబంధం లేదు. ఇక్కడ మా తమ్ముడు, "దొరికితే కదా అన్నా" అన్నాడు. అప్పుడే వానికి ఫార్మింగ్టన్ కథ చెప్పా.

మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని ఒకటి ఉండేది. వెబ్‌సైట్ ఉంది, ఆఫీసు ఉంది, ఐ-20 ఇస్తుంది. ప్రభుత్వ లిస్టులో కూడా పేరుంది. లేనివి రెండే: క్లాసులు, టీచర్లు. ఎందుకంటే దాన్ని నడిపింది ఇమిగ్రేషన్ ఏజెంట్లే! 600 మందికి పైగా చేరారు. 2019 జనవరిలో అరెస్టులు మొదలైతే, మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. అందులో చాలామంది తెలుగు పిల్లలు. స్టూడెంట్లను చేర్పించినందుకు క్రిమినల్ కేసు పడిన ఎనిమిదిమంది కూడా మనోళ్లే. 2011లో కాలిఫోర్నియా ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడైతే మన పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు.

ఫార్మింగ్టన్‌లో చేరినవాళ్లు దొంగదారిన దేశంలోకి వచ్చినవాళ్లు కాదు. మామూలుగా ఎఫ్-1 మీద వచ్చినవాళ్లే. కొందరి పాత కాలేజీ గుర్తింపు పోయింది, కొందరికి హెచ్-1బి లాటరీ తగల్లేదు. ఏడాదికి ఉండేదే 85,000 వీసాలు మరి. ఎలాగోలా స్టేటస్ నిలబెట్టుకోవాలని చూస్తుంటే, "మొదటి రోజు నుంచే సీపీటీ, ఉద్యోగం చేసుకోవచ్చు" అన్నారు. అందరికీ తెలిసే చేరారని ప్రభుత్వం వాదన. నాకైతే అందరికీ తెలుసని అనిపించదు. కానీ ఒక్క క్లాస్ కూడా జరగట్లేదని మాత్రం ఎవరికి తెలియకుండా ఉంటుంది? 2018లో ఒక కన్సల్టెన్సీవాడు నాకూ, "అటెండెన్స్ టెన్షన్ లేదు బ్రో" అన్నాడు. నాన్న పొలం తాకట్టు పెట్టనన్నాడు కాబట్టి ఆగిపోయా, నా తెలివి ఏం లేదు అందులో.

మొదటి రోజు సీపీటీ ఇచ్చే కాలేజీలన్నీ దొంగవి కావు. కానీ "క్లాసులకు రానక్కర్లేదు" అన్న మాట వినపడితే ఫోన్ పెట్టేయండి. ఇంకోటి, ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ పోతుంది. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. హెచ్-1బిలో ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు.

సరే, మా వాడి సంగతి. స్టేటస్ పోతే రీఇన్‌స్టేట్‌మెంట్ అడగొచ్చు. కానీ పర్మిషన్ లేకుండా పని చేసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. కాలేజీలో డీఎస్‌ఓకి చెప్పేద్దామా అన్నాడు. డీఎస్‌ఓ మంచివాళ్లే అయినా, స్టేటస్ తప్పితే సెవిస్‌లో ఎక్కించాల్సిన డ్యూటీ వాళ్లది. అందుకే ముందు బయట ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమన్నా. అబద్ధం మాత్రం ఏ ఫారంలో రాయొద్దన్నా.

స్టోర్ ఆ రోజే మానేసిండు. లాయర్ అపాయింట్‌మెంట్ సోమవారం ఉంది. చిన్నమ్మకి ఇంకా పూర్తిగా చెప్పలేదు, "ఫీజు ఎందుకురా" అని అడుగుతోంది. నెక్స్ట్ ఎపిసోడ్ ఓపీటీ ఎప్పుడు అప్లై చేయాలన్నదాని మీద. మీ ఐ-20 దగ్గర పెట్టుకుని చూడండి.