బతిమాలితేనే బువ్వ!

పెట్టింది తినదు. అడిగింది రోజూ పెట్టలేం. వీధికుక్క ఎండు రొట్టెను కరకరా నమిలేస్తుంటే మనింటి కుక్క మాత్రం చికెన్ ముక్కనూ వాసన చూసి మూతి తిప్పుకుంటుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఊరేదైనా కుక్కను ముద్దుగా పెంచుకునే ఇళ్లలో ఈ తతంగం మామూలే. ఇంతకీ అది అలకా, అలవాటా, అనారోగ్యమా?

'మా బంగారం కదూ... ఒక్క ముద్ద... ఇదొక్కటి తింటే ఇక పెట్టను.'

గిన్నె పట్టుకుని వరండాలోంచి హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి తిరుగుతుంటుంది అమ్మ. 'పాలన్నం వద్దంటే గుడ్డు ఉడకబెట్టవే' అని సలహా ఇస్తాడు నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే. గుడ్డు వస్తుంది. తెల్లసొన మిగులుతుంది, పచ్చసొన మాయమవుతుంది. కాసేపటికి పాప జేబులోంచి బిస్కెట్ తీస్తుంది. అప్పటిదాకా సోఫా కింద నీరసంగా పడుకున్న బంగారం ఒక్క గంతు వేసి తోకాడిస్తూ వచ్చేస్తుంది.

చూసేవాళ్లకి పసిపిల్లకు గోరుముద్దలు తినిపిస్తున్నట్టే ఉంటుంది. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు!

గట్క తిన్న జాతి

కుక్కకు ఇన్ని వేషాలు పుట్టుకతో వచ్చినవి కావు. జనగామ పల్లెల్లో గొల్లకుర్మల మందల వెంట తిరిగే కుక్కను చూడండి. కాపరి మూటలో ఏముంటే అదే దాని భోజనం. జొన్న గట్కో, సల్ల కలిపిన బువ్వో... వేసిన క్షణంలో నేల నాకేస్తుంది. రోజంతా మంద వెంట మైళ్ల కొద్దీ నడిచిన కడుపు అది. దానికి రుచితో పనిలేదు.

గట్కకూ కుక్కకూ ఉన్న ఈ చుట్టరికం చాలా పాతది. తోడేలు నుంచి వచ్చిన జంతువైనా కుక్క మనిషితో కలిసి బతికి మనిషి తిండి తినడం నేర్చుకుంది. పిండిపదార్థాలను అరిగించే ఎంజైము అమైలేజ్. దాన్ని తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అంటే, అన్నం కుక్కకు పరాయి తిండేం కాదు. కాకపోతే ఒట్టి అన్నం చాలదు, మాంసకృత్తులూ కావాలి. 

ఇంకో సంగతి. మనిషి నాలుక మీద సుమారు 9000 రుచిమొగ్గలుంటే కుక్కకు ఉండేవి దాదాపు 1700. రుచి తెలియడంలో అది మనకంటే వెనకే. ముందుండేది వాసనలో. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి అన్నం దానికి 'వాసన లేని' పదార్థం. అదే అన్నాన్ని కాస్త గోరువెచ్చగా చేసి పెడితే గిన్నె దగ్గరికి వస్తుంది.

బిస్కెట్ల లెక్క

'మా కుక్క అస్సలు తినదండీ' అనేవాళ్లు ఒక్కరోజు కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవాలి. పొద్దున నాన్న టీ తాగుతూ రెండు బిస్కెట్లు వేస్తాడు. బడికి వెళ్తూ బాబు ఒకటి, పాప ఒకటి. పనయ్యాక అమ్మ రెండు. సాయంత్రం మళ్లీ టీ, మళ్లీ రెండు. పడుకునే ముందు తాతయ్య రెండు. ఎవరికి వారు వేసింది ఒకటీ రెండే. మొత్తం కలిపితే పది!

చిన్న గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోదాంట్లో 20 కేలరీలకు పైనే ఉంటాయి. పదింటికి 200 దాటుతుంది. అయిదు కిలోల బరువుండే చిన్నజాతి కుక్కకు రోజు మొత్తానికి కావాల్సింది సుమారు 350 కేలరీలు. అంటే సగానికి పైగా బిస్కెట్లతోనే నిండిపోయింది. ఆ పైన కాసిని పాలు, ఓ గుడ్డు. ఇక అన్నం గిన్నె చూసి మొహం తిప్పుకోక ఏం చేస్తుంది? నిజానికి అది తినకపోవడం కాదు... అప్పటికే తినేసింది!

చిరుతిళ్లు రోజువారీ తిండిలో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు చెప్పే సూత్రం. ఆ లెక్కన మన చిన్న కుక్క వాటా ఒకటిన్నర బిస్కెట్టే. తీపి లేకుండా ఉడికించిన క్యారెట్ ముక్కలాంటిదైతే ఇంకా మేలు.

ఎవరికి ఎవరు శిక్షణ?

కుక్క గమనించినంత శ్రద్ధగా ఇంట్లో ఇంకెవరూ మనల్ని గమనించరు. అన్నం వద్దంటే గుడ్డొచ్చింది. గుడ్డు వద్దంటే చికెనొచ్చింది. ఇలా రెండుమూడుసార్లు జరిగితే చాలు, 'కాసేపు బెట్టు చేస్తే ఇంకా మంచిది వస్తుంది' అన్న పాఠం దానికి కంఠతా వచ్చేస్తుంది. మనం దానికి షేక్‌హ్యాండ్ నేర్పామని మురిసిపోతుంటే, అది మనకు వంట నేర్పుతుంటుందన్నమాట!

వయసునూ చూడాలి. కుక్కపిల్ల మొదటి నెలల్లో గబగబా పెరుగుతుంది కాబట్టి ఆబగా తింటుంది. ఆరు నెలలు దాటాక ఎదుగుదల నెమ్మదించి తిండీ తగ్గుతుంది. అది సహజం. దానికే కంగారుపడి రకరకాలు వండిపెట్టడంతో అసలు సమస్య మొదలవుతుంది. 

ఎండా లెక్కలోకి వస్తుంది. భూపాలపల్లి బొగ్గుగనుల ప్రాంతంలో వేసవి వస్తే 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి మనకే అన్నం సహించదు. 2003లో వచ్చిన సెల్‌ఫోన్ ప్రకటన పుణ్యమా అని ఇంటింటి ముద్దుబిడ్డయిన పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఆ ఎండలో ఊపిరి తీసుకోవడమే కష్టం. మధ్యాహ్నం బలవంతం చేయకుండా తెల్లారే ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి పెట్టడమే దారి.

గిన్నె పెట్టి పక్కకు తప్పుకోండి

ఆరోగ్యంగా, హుషారుగా ఉండి తిండి దగ్గర మాత్రమే బెట్టు చేసే పెద్ద కుక్కను దారిలో పెట్టడం కష్టమేం కాదు. 

* రోజూ ఒకే వేళకు, ఒకే చోట గిన్నె పెట్టాలి. పావుగంట, ఇరవై నిమిషాలు చూసి, తిన్నా తినకపోయినా తీసేయాలి. మళ్లీ వేళయ్యేదాకా ఏమీ పెట్టకూడదు. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.
* తినిపించే బాధ్యత ఒక్కరిదే కావాలి. మిగతావాళ్ల జేబులు ఖాళీగా ఉండాలి. తాతయ్యతో సహా!
* భోజనానికి ముందు కాసేపు నడిపించాలి. మంద వెంట తిరిగే కుక్క నేర్పే పాఠం ఇదే.
* తిండి మార్చాలనుకుంటే ఒక్కసారిగా మార్చొద్దు. పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో పూర్తిగా మార్చాలి.
* ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడికాయలాంటివి అన్నంలో బాగా కలిపేయాలి. ముక్కలు ముక్కలుగా వేస్తే మాంసం ఏరుకుని మెతుకులు వదిలేస్తుంది.
* పాలు తాగితే విరేచనాలయ్యే కుక్కలు చాలా ఉంటాయి. వాటికి పెరుగు నయం.

ఒకపూట పస్తుంటే 'అయ్యో పాపం' అనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు ఒకపూట తప్పితే ప్రమాదం లేదు. గట్టిగా నిలబడాల్సింది మనమే. 

తినడం లేదు కదా అని కూరలో కలిపి పెట్టడం మాత్రం అసలుకే మోసం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. చాక్లెట్ విషమే. ఉడికిన ఎముకలు విరిగి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. 

అలక అనుకుంటే...

ఇప్పటిదాకా చెప్పిందంతా హుషారుగా ఉన్న కుక్క సంగతి. అసలు జాగ్రత్త ఇక్కడుంది.

మహబూబాబాద్‌లో ఓ ఇల్లు అనుకుందాం. అమ్మాయి చదువు కోసం హాస్టల్‌కి వెళ్లింది. మర్నాటి నుంచి కుక్క తినడం మానేసింది. 'అక్క మీద బెంగ పెట్టుకుంది' అనుకున్నారంతా. మనుషులు దూరమైతే కుక్కలు తిండి తగ్గించడం నిజమే కాబట్టి ఆ అనుమానం సహజమే. రెండు రోజులు గడిచాయి. మూడోరోజు లేవలేక పడుకుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. చెవి వెనక గోమార్లు. బెంగ కాదది... గోమార్ల జ్వరం! 

మన వాతావరణంలో గోమార్లకు కొదవలేదు. అవి కుట్టడం ద్వారా ఎర్లిషియా, బబేసియాలాంటి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరతాయి. చాలాసార్లు మొదట కనిపించే లక్షణం తిండి మానేయడమే. తర్వాత జ్వరం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం. తొందరగా గుర్తిస్తే మందులతో తగ్గుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే ఎప్పుడూ లొట్టలేసుకుంటూ తినే కుక్క ఉన్నట్టుండి మానేస్తే దాన్ని అలక అనుకోవద్దు. పెద్ద కుక్క ఒకరోజంతా ఏమీ ముట్టకపోతే వైద్యుడికి చూపించాలి. కుక్కపిల్లల విషయంలో అంతసేపు కూడా ఆగకూడదు. వాంతులు, రక్త విరేచనాలు తోడైతే అది పార్వో కావచ్చు. టీకా వేయించని పిల్లలకు గంటలు కూడా విలువైనవే. నోటి దుర్వాసన, ఒకవైపే నమలడం లాంటివి పంటి బాధకు గుర్తులు. నులిపురుగులున్నా తిండి సరిగ్గా సహించకపోవచ్చు. మన జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయొద్దు. మనకు నయం చేసేవే వాటికి ప్రాణాంతకం కావచ్చు.

ప్రభుత్వ పశువైద్యశాల అంటే ఆవులకూ గేదెలకే అనుకుంటారు కొందరు. కుక్కల్నీ అక్కడ చూపించవచ్చు. అక్కడ తేలని సమస్య అయితే, వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది.

రేపు పొద్దున మీ బంగారం గిన్నె చూసి మూతి తిప్పుకుందా? బతిమాలే ముందు దాని చిగుళ్లు చూడండి, చెవుల వెనక తడమండి, తోక ఊపుతోందో లేదో గమనించండి. అన్నీ బాగుంటే గిన్నె కిందపెట్టి వచ్చేయండి. ఆకలే దానికి కూర. తేడాగా ఉంటే మాత్రం గిన్నె పక్కన పెట్టి దాన్ని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరండి. పాపం, నోరు లేని జీవి... ఒంట్లో బాగాలేదని చెప్పడానికి దానికి తెలిసిన భాష తిండి మానేయడమే.