ట్రాక్టరు డీజిల్‌లో నీరు: సేద్యపు అదనుకు ముప్పు

ఖరీఫ్ దమ్ము పనులు ముమ్మరంగా సాగే తరుణంలో ట్రాక్టరు ఆగిపోతే రైతుకు కలిగే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. నారు ముదురుతుంది, నాట్లు వెనుకబడతాయి, కాలువ నీటి వంతు తప్పుతుంది. ఇటువంటి అంతరాయాలకు గల కారణాలలో డీజిల్‌లో చేరిన నీరు ఒకటి. ఈ నీరు పనులు సాగే రోజులలోనే చేరనక్కరలేదు. యంత్రం ఖాళీగా నిలిచిన వారాలలో కొద్దికొద్దిగా పోగవుతుంది. కావున నివారణ చర్యలు పని లేని కాలంలోనే మొదలు కావాలి.

నీరు చేరే విధానం

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చల్లదనానికి ఆ తేమ ట్యాంకు గోడలపై బిందువులుగా మారి డీజిల్‌లోకి జారుతుంది. డీజిల్ కంటే నీటి సాంద్రత ఎక్కువ కనుక అది అడుగున నిలిచిపోతుంది. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ముతో ప్రమాదం మరింత ఎక్కువ. దాని పైభాగంలో వాన నీరు నిలుస్తుంది. రాత్రి డ్రమ్ము చల్లబడి లోపలి గాలి సంకోచించినప్పుడు వదులైన బిరడా గుండా ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది.

భారత్ స్టేజ్-6 ప్రమాణాల ప్రకారం కిలో డీజిల్‌లో నీరు 200 మిల్లీగ్రాములకు మించరాదు. అంటే 50 లీటర్ల ట్యాంకుకు సుమారు 8 గ్రాములు మాత్రమే. రెండు చెంచాల నీరు ఈ పరిమితిని దాటుతుంది.

ఇంజనుకు కలిగే హాని

ఇంధన పంపు, ఇంజెక్టర్లలోని సున్నితమైన భాగాలకు డీజిలే కందెనగా పనిచేస్తుంది. నీరు చేరితే ఈ పొర తెగి భాగాలు అరుగుతాయి, తుప్పు పడతాయి. వేడెక్కిన ఇంజెక్టరు కొనలో నీరు ఒక్కసారిగా ఆవిరిగా మారి వ్యాకోచించడంతో కొన పగిలే ప్రమాదం ఉంది. నీరు, డీజిల్ కలిసే హద్దు వద్ద హార్మోకోనిస్ రెసినే వంటి శిలీంధ్రాలు, బ్యాక్టీరియా పెరిగి జిగురు పదార్థాన్ని ఏర్పరచి ఫిల్టరును మూసివేస్తాయి.

50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వీటిని అందుకునేందుకు కామన్ రైల్ ఇంజన్ల వాడకం పెరిగింది. అత్యధిక పీడనంతో పనిచేసే ఈ వ్యవస్థలు పాత యంత్రాల వలె నీటిని ఓర్చుకోలేవు. వీటి ఇంజెక్టర్ల ఖరీదు కూడా ఎక్కువ.

పాటించవలసిన జాగ్రత్తలు

1. పని ముగిసిన సాయంత్రమే, వ్యాకోచానికి కొద్ది ఖాళీ ఉంచి ట్యాంకు నింపాలి. యంత్రాన్ని వారాల తరబడి నిలిపే ముందు ఇది తప్పనిసరి.

2. రాత్రంతా కదలని ట్రాక్టరులో నీరు అడుగుకు దిగుతుంది. కనుక ఉదయం ఇంజను ప్రారంభించే ముందే వాటర్ సెపరేటరు అడుగు మరను వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేవరకు నీటిని ఒక పాత్రలోకి తీయాలి. ఆ నీటిని పొలంలోకి గాని, కాలువలోకి గాని వదలరాదు.

3. డ్రమ్మును నీడలో అడ్డంగా పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే మట్టంలో ఉండేలా అమర్చాలి. వాడే ముందు నిలబెట్టి 24 గంటలు కదపకుండా ఉంచాలి. అడుగున ఉన్న కొద్దిపాటి డీజిల్‌ను ట్రాక్టరులో పోయరాదు.

4. అనుమానం కలిగితే ట్యాంకు అడుగు నుంచి తీసిన డీజిల్‌ను గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచాలి. మసకగా కనిపించినా, అడుగున పొర ఏర్పడినా నీరు ఉన్నట్లే. అప్పుడు ఇంజను నడపక ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టర్లు మార్పించాలి.

5. నీటిని డీజిల్‌లో కలిపివేసే రసాయనాలను ఆశ్రయించరాదు. అలా కలిసిన నీరు సెపరేటరుకు చిక్కక నేరుగా ఇంజెక్టర్లను చేరుతుంది.

విస్తరణ సిబ్బంది ఖరీఫ్ సన్నాహక శిక్షణలలో విత్తన మొలక పరీక్షతో పాటు ఈ సీసా పరీక్షను కూడా రైతులచేత చేయించడం మంచిది. రెండింటికీ ఖర్చు స్వల్పం. రెండూ కాపాడేది అదనునే.