మూలన బొత్తాం

కంప్యూటర్ మెనూ వంటింట్లో పోపుల డబ్బాలాంటిది. ఏది చేతికందాలో, ఏది అటకెక్కాలో తేల్చడమే అసలు విద్య.

సత్తుపల్లిలో నెట్ సెంటర్‌కు వెళితే కంప్యూటర్ తెర మీద బొమ్మలు కిక్కిరిసి కనిపిస్తాయి. వేంసూరు నుంచి ఆదాయం సర్టిఫికెట్ కోసం ఒకరు, పెనుబల్లి నుంచి హాల్‌టికెట్ కోసం ఇంకొకరు వచ్చి బల్ల ముందు నిలబడితే, మెనూ తెరిచి వెతికే తీరిక సెంటర్ నడిపే కుర్రాడికెక్కడిది? రోజూ పడే పనులన్నీ తెర మీదే పరుచుకుంటాడు. కంపెనీ ఇచ్చిన మెనూ పక్కనుండగానే తన మెనూ తాను కట్టుకున్నాడన్నమాట.

మూడు కలిసి ఒకటి

విండోస్ 95 తయారవుతున్న రోజుల్లో మైక్రోసాఫ్ట్ తెర అడుగున మూడు బొత్తాలు పెట్టింది: సిస్టమ్, ఫైండ్, హెల్ప్. కొత్తవాళ్లను కూర్చోబెట్టి చూస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడ్డారు. దాంతో మూడింటినీ కలిపి ఒకే బొత్తాం చేసి 'స్టార్ట్' అని రాశారు. 1995 ఆగస్టు 24న అది మార్కెట్లోకొచ్చింది. కంప్యూటర్ ఆపడానికీ 'స్టార్ట్' నొక్కాలా అని జనం నవ్వుకున్నారు, నవ్వుతూనే అలవాటుపడ్డారు.

2012లో విండోస్ 8 ఆ బొత్తాం పీకేసి తెర నిండా పలకలు పేర్చింది. జనం గోల పెట్టారు. మరుసటేడు బొత్తాం తిరిగొచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలందుకున్న రెండు నెలలకు, 2014 ఏప్రిల్‌లో, మెనూ కూడా వెనక్కి తెస్తామని కంపెనీ చెప్పింది. 2015లో విండోస్ 10తో మాట నిలుపుకుంది. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లోనూ అదే కథ. 2011లో దాని డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్, మెనూను తీసేస్తే, పాత గ్నోమ్‌నే కొందరు 'మాటే' పేరుతో బతికించుకున్నారు.

ఏమని పిలవాలి?

లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కూ చిన్న చీటీలాంటి ఫైలుంటుంది. పేరేమిటి, ఏ అరలో ఉండాలి, ఏ మాట కొడితే దొరకాలి, అన్నీ అందులోనే. తెలుగు పేరుకు విడిగా ఒక వరుస. 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తలు తెలుగులో పలకరించే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేశారు.

చిక్కల్లా మాట దగ్గరే. మెనూ తెలుగులో 'అప్లికేషన్లు' కాస్తా 'అనువర్తనాలు' అయ్యాయి. తప్పేమీ లేదు, కానీ ఆ మాట నెట్ సెంటర్లో ఎవరి నోటా రాదు. పోనీ 'అప్లికేషన్' అనే ఉంచుదామా అంటే, ఇక్కడ అప్లికేషన్ అంటే నింపి సంతకం పెట్టే దరఖాస్తు! వెతకడంలోనూ ఇదే తంటా. పేరు తెలుగులో ఉంటుంది, వేళ్లు ఇంగ్లిషు అక్షరాలు కొడతాయి. చీటీలో రెండు రకాల మాటలూ రాసిపెడితేనే వస్తువు దొరుకుతుంది.

డబ్బా అమ్మేవాడికి అందులో గిన్నెలెన్నో తెలుసు. ఆవాలు ఏ గిన్నెలో పోయాలో వండేవాళ్లకే తెలుసు. మెనూ గీసేవాళ్లు ఒక్క పూట సత్తుపల్లి వచ్చి ఆ కుర్రాడి పక్కన కూర్చుంటే చాలు. వచ్చినవాళ్లు ఏమని అడుగుతున్నారో వరసగా రాసుకుంటే, పొద్దు వాలేసరికి సగం మెనూ తయారవుతుంది.