బస్సు రాదు, ఆటో చార్జీ ఆగదు
పెద్దవూర: ఎరువు బస్తా కోసం హాలియాకు పోవాలన్నా, రోగిని తీసుకుని సాగర్ హిల్ కాలనీలోని కమలా నెహ్రూ ఆసుపత్రికి పోవాలన్నా, ధాన్యం డబ్బుల కోసం మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరగాలన్నా ఈ మండల ప్రజలకు రోడ్డు తప్ప వేరే దారి లేదు. బీబీనగర్–నడికుడి రైలు మార్గం మిర్యాలగూడ మీదుగా పోతుంది. అవతల గుంటూరు నుండి వచ్చే లైను మాచర్లలో ఆగిపోతుంది. నడుమనున్న ప్రాంతానికి రైలు కూత వినపడదు. మాచర్ల నుండి నల్లగొండకు లైను వేస్తారన్న మాట మాత్రం ఏళ్ల తరబడి వినపడుతున్నది. కనుక చార్జీ పెరిగినప్పుడల్లా ఇక్కడి వారు గొణుక్కుంటూనే జేబు తడుముకుంటారు. ఎక్కక తప్పదు కదా!

చార్జీ పెంచినప్పుడు పేపర్లో వచ్చేది కిలోమీటరుకు ఇన్ని పైసలని. వినడానికి అది చిన్నదిగానే ఉంటుంది. 2019లో ఆర్టీసీ కార్మికులు అక్టోబరు 5 నుండి 52 రోజులు సమ్మె చేశారు. అది ముగిసిన వెంటనే, డిసెంబరు 3 నుండి కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెరిగాయి. పల్లెవెలుగు బస్సులో 63 పైసలున్నది 83 పైసలయింది. ఎక్స్‌ప్రెస్‌లో 87 పైసలున్నది రూపాయి ఏడు పైసలయింది. ఇరవై పైసలే కదా అనుకోవచ్చు. కాని పల్లెవెలుగుకు అది దాదాపు మూడో వంతు పెంపుదల. ఎక్స్‌ప్రెస్‌కు నాలుగో వంతు కూడా లేదు. అంటే ఎర్ర బస్సు ఎక్కే పేదవాడి మీదనే బరువు ఎక్కువ పడింది. కనీస చార్జీ పది రూపాయలు కావడంతో రెండు స్టేజీలు పోయే వాడికి కిలోమీటరు లెక్క కూడా లేకుండా పోయింది.

2022లో పెంచిన పద్ధతి మరో రకం. ఆ ఏడు మార్చిలో చిల్లర సమస్య పేరుతో పల్లెవెలుగు టిక్కెట్లను ఐదు రూపాయల లెక్కకు సర్దారు. పన్నెండు రూపాయలున్న చోట పదికి తగ్గింది, పదమూడు, పద్నాలుగు ఉన్న చోట పదిహేను అయింది. చిల్లర కోసం కండక్టరుతో పడే తగాదా తగ్గిన మాట నిజమే. తరువాత ఏప్రిల్‌లో డీజిల్ సెస్ వచ్చింది. పల్లెవెలుగులో రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్, ఆ పై బస్సుల్లో ఐదు రూపాయలు. జూన్ 9 నుండి దానిని దూరాన్ని బట్టి మరింత పెంచారు. చార్జీ పెంచలేదు, సెస్ మాత్రమే వేశామన్నారు. టిక్కెట్టు కొనే వాడికి రెండూ ఒకే జేబులో నుండి పోతాయి. పది రూపాయల టిక్కెట్టు మీద రెండు రూపాయలంటే ఐదో వంతు. హైదరాబాదుకు పోయే వాడికి అది లెక్కలోకి రాదు, పక్క ఊరికి పోయే కూలి మనిషికే తెలుస్తుంది.

ఆర్టీసీ వైపు మాట కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో హైదరాబాదులో లీటరు డీజిల్ 105 రూపాయలు దాటింది. టోకున కొనే డీజిల్ బంకుల ధర కంటే ఇంకా ఎక్కువ కావడంతో ఆర్టీసీ బస్సులే బంకుల ముందు వరుసలో నిలబడవలసి వచ్చింది. ఆ డీజిల్ మీద కేంద్రం ఎక్సైజు సుంకం, రాష్ట్రం 27 శాతం వ్యాటు వసూలు చేస్తాయి. బస్సు నడిపేదీ ప్రభుత్వ సంస్థే, డీజిల్ మీద పన్ను తీసుకునేదీ ప్రభుత్వమే, నష్టం వచ్చిందని చార్జీ పెంచేదీ ప్రభుత్వమే. ఇదేమి లెక్కో రచ్చబండ మీద కూర్చున్న పెద్దలకు ఎంత ఆలోచించినా అంతుబట్టదు.

ఆడవారికి ఉచితం, మరి ఇల్లు చేరేదెట్లా?

2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆధార్ కార్డు చూపితే కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టి ఇస్తాడు. మిరప ఏరను, పత్తి తీయను పోయే కూలీలకు, కాలేజీకి పోయే ఆడపిల్లలకు, పుట్టింటికి పోయే కోడళ్లకు ఇది చిన్న మేలు కాదు. ఇంతకు ముందు చార్జీకి వెనకాడి ఆసుపత్రి వాయిదా వేసుకున్న ముసలమ్మలు ఇప్పుడు బస్సెక్కుతున్నారు. దీనిని తప్పు పట్టే వారు ఆ ముసలమ్మలను అడిగి తెలుసుకోవడం మంచిది.

అయితే బస్సు రోడ్డు మీదనే ఆగుతుంది. తండాలు, గూడేలు రోడ్డుకు ఎడంగా ఉన్నాయి. బస్సు దిగాక ఆటో ఎక్కాలి, అక్కడ ఉచితం లేదు. లెక్క కోసం మనిషికి ఇరవై రూపాయలనుకుందాం. పోను రాను నలభై. నెలకు ఇరవై ఆరు రోజులు పనికి పోతే 1,040 రూపాయలు. 2025–26లో తెలంగాణలో ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. నెలలో మూడు రోజులకు మించిన కూలి ఆటోకే పోతుందన్న మాట. ఇక మగవారి సంగతి సరేసరి. బస్సులో టిక్కెట్టు వారిదే, ఆటోలో చార్జీ వారిదే. క్రిక్కిరిసిన బస్సులో డబ్బిచ్చి ఒంటికాలి మీద నిలబడవలసి వస్తున్నదని వారు సణుగుతున్నారు. ఆ సణుగుడు ఆడవారి మీద కాదు, మంది పెరిగినా బస్సు పెరగలేదనే.

సాగర్ దాటి మాచర్లకు పోయే వారికి మరో చిక్కు. మహాలక్ష్మి తెలంగాణ సరిహద్దు వరకే. ఆ పైన టిక్కెట్టు కొనాలి. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలైంది, అయితే అది ఆ రాష్ట్రపు ఆడవారికి. కృష్ణకు అటూ ఇటూ వియ్యాలందుకున్న కుటుంబాలు ఎన్నో. ఒకే ఇంట్లో అత్తకు ఒకచోట, కోడలికి మరొకచోట టిక్కెట్టు పడుతుంది.

ఆటో చార్జీకి పట్టిక లేదు

చార్జీలు నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం, 1988లోని 67వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వానిది. బస్సుకు స్టేజీల పట్టిక ఉంటుంది, ఎక్కువ తీసుకుంటే డిపోలో అడగవచ్చు. ఆటోకు చట్టంలో ఉన్నది మొత్తం బండి కిరాయి మాత్రమే, తలకింతని సీట్లు అమ్మే పద్ధతి కాగితం మీద లేదు. హైదరాబాదులోనైతే 2014లో మీటరు రేట్లు ప్రకటించారు. పల్లెలో మీటరూ లేదు, రేటూ లేదు. పొద్దున ఒక ధర, చీకటి పడ్డాక ఒక ధర. ఆఖరి బస్సు తప్పిన వాడు ఎంతంటే అంత ఇచ్చుకోవాలి. పురిటి నొప్పుల మనిషి ఉంటే బేరమే లేదు.

ఆటోవాలాలను దొంగలనడం మాత్రం న్యాయం కాదు. వారిలో చాలామంది పొలం చాలక, అప్పు చేసి బండి కొన్న ఊరి పిల్లలే. నెల కాగానే ఫైనాన్సు వాడు వాయిదా అడుగుతాడు. ఉచిత బస్సు వచ్చాక రోడ్డు మీది గిరాకీ పోయింది. నలుగురు ఎక్కే చోట ఇద్దరు ఎక్కితే ఆ ఇద్దరి మీదనే డీజిల్ ఖర్చు వేస్తున్నారు. ఏటా 12 వేల రూపాయలు ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ పార్టీ ఆటో డ్రైవర్లకు మాట ఇచ్చింది. దానిని నిలుపుకోవాలని ఆటో సంఘాలు 2024, 2025లలో ధర్నాలు చేశాయి.

పండుగలకు ఇంకో మోత. పట్నంలో పని చేసుకునే పిల్లలు దసరాకు, సంక్రాంతికి ఊరికి రావాలంటే స్పెషల్ బస్సుల్లో ఒకటిన్నర రెట్లు చార్జీ. 2003 నాటి జీవో 16 ప్రకారమే ఇది వసూలు చేస్తున్నామని, తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా పోతుందని సంస్థ చెబుతున్నది. ఖాళీ బస్సు డీజిల్ ఖర్చు నిజమే కావచ్చు, పండుగకు తల్లిని చూడవచ్చే వాడి దగ్గరనే అది రాబట్టాలా అన్నది ఇంకా తేలలేదు.

చార్జీల మీద జనం తిరగబడటం కొత్త కాదు. 1953లో కలకత్తాలో ట్రాము రెండో తరగతి టిక్కెట్టు ఒక్క పైసా పెంచితే ఊరంతా వీధుల్లోకి వచ్చింది, చివరకు పెంపు నిలిచిపోయింది. మన దగ్గర ఆర్టీసీ సమ్మె జరుగుతున్న 2019 అక్టోబరులోనే దక్షిణ అమెరికాలోని చిలీలో మెట్రో రైలు చార్జీ 800 పెసోల నుండి 830కి పెంచారని రాజధాని శాంటియాగో భగ్గుమంది. ప్రభుత్వం వెనక్కు తగ్గింది. పెద్దవూరలో అటువంటివి జరగవు. ఇక్కడ చార్జీ పెరిగితే ఒక ప్రయాణం మానుకుంటారు, లేదంటే నడుస్తారు.

ఇక్కడి వారు కోరుతున్నవి పెద్ద కోరికలు కావు. పొద్దున కూలికి, బడికి పోయే వేళకు ఒకటి, చీకటి పడే వేళకు ఒకటి హాలియా–సాగర్ నడుమ అదనపు పల్లెవెలుగు వేయాలి. బస్సు పోగలిగినంత రోడ్డున్న తండాలకు రోజుకు ఒక్క ట్రిప్పయినా తిప్పాలి. రవాణా శాఖ, పోలీసు వారు, ఆటో సంఘం పెద్దలు కూర్చుని ఏ ఊరికి ఎంతో పగటి చార్జీ, రాత్రి చార్జీ తేల్చి, సెంటర్లో అందరికీ కనపడేటట్లు బోర్డు రాయించాలి. చదువు రాని వారి కోసం అంకెలు పెద్దవిగా రాయిస్తే చాలు.