తుది దినములలో తోడు

"ఇక నయమగు మార్గము లేదు" అని వైద్యుడు చెప్పిన దినమున ఇంటిల్లిపాదియు దిక్కుతోచక కూర్చుండుట సహజము. కాని వ్యాధిని మాన్పు మందు లేకున్నను, బాధను తగ్గించు మందులు కలవు. సేవ చేయుటకు మనుష్యులు కలరు. ఇట్టి సంరక్షణకే ఉపశమన చికిత్స అని పేరు.

దీనిని ఊరంతటి బాధ్యతగా చేసి చూపినది కేరళ రాష్ట్రము. 1993లో కోళిక్కోడు వైద్య కళాశాలలో కొందరు వైద్యులు, వారి మిత్రులు కలిసి నొప్పి నివారణకై ఒక సంఘమును స్థాపించిరి. మంచము పట్టిన రోగి ఆసుపత్రికి రాజాలడు. కావున సేవయే అతని గడపకు పోవలెను. ఈ భావముతో మలప్పురము మొదలగు జిల్లాలలో ఇరుగుపొరుగువారు శిక్షణ పొంది, రోగుల ఇండ్లకు పోసాగిరి. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము ఇందులకై ఒక విధానమును ప్రకటించినది. 2012లో భారత ప్రభుత్వము జాతీయ కార్యక్రమమును రూపొందించినది. 2014లో మాదకద్రవ్యముల చట్టము సవరింపబడుటచే ఆసుపత్రులు మార్ఫీను పొందుటకు మార్గము సుగమమైనది.

మార్ఫీను ఇచ్చినచో ప్రాణము త్వరగా పోవునని పలువురు భయపడుదురు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళలకు ఇచ్చినచో అట్టి భయము అనవసరము. నొప్పి పెరుగువరకు వేచియుండరాదు. దీనివలన మలబద్ధకము కలుగును గనుక, దానికి కూడ మందు అడిగి తీసికొనవలెను.

కదలలేని రోగిని సుమారు రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పినచో వీపున పుండ్లు పడు అవకాశము తగ్గును. ఎండిన పెదవులను తడిగుడ్డతో అద్దవలెను. తుది దినములలో ఆకలి తగ్గుట ప్రకృతిధర్మము. ప్రేమతోనైనను బలవంతముగా తినిపింపరాదు. మ్రింగలేనివారి నోట నీరు పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు.

రోగికి ఏమియు తెలియనీయరాదని పెద్దలు దాచుచుందురు. కాని అతడు తన దేహస్థితిని తరచుగా గ్రహించియే యుండును. ఇంటివారి కొరకు తానును దాచును. ఇట్లు ఇరువురును ఒంటరులగుదురు. అతడు అడిగిన దానికి మెల్లగా నిజము చెప్పినచో, అప్పులు, పొలము, పిల్లల సంగతి తానే చక్కబెట్టుకొనును; చూడగోరిన వారిని పిలిపించుకొనును. మాట పడిపోయిన పిదపను వినికిడి ఉండవచ్చును; కావున చేయి పట్టుకొని మాటలాడుట మానరాదు.

ఈ భారమంతయు సాధారణముగా ఒక్క ఇల్లాలిపై పడును. ఆమెకు నిద్ర కరవైనచో సేవయు కుంటుపడును. ఒక పొరుగింటివారు అన్నము వండి తెచ్చిన, మరియొకరు రెండు గంటలు రోగి వద్ద కూర్చుండిన, వేరొకరు మందులు తెచ్చిన, ఆమెకు ఊరట కలుగును. మరణానంతరము పదిదినములు వచ్చిపోవు బంధువులు అంతకుముందే వచ్చుట మేలు.

సహాయము కావలసినవారు తమ ఊరి ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును గాని అడుగవలెను. మరణమును ఆపుట ఎవరి తరమును కాదు. ఒంటరితనమును ఆపుట మాత్రము ఊరివారి చేతిలోనిదే.