మైటోకాండ్రియా లేని కణం ఎలా బతుకుతుంది?

డెంగీ జ్వరాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో బ్లడ్ బ్యాంకుల్లో రెండు రకాల సంచులకు గిరాకీ ఉంటుంది. ఎర్ర రక్తకణాల సంచులు 2 నుంచి 6 డిగ్రీల చలిలో, ఫ్రిజ్‌లో కదలకుండా ఉంటాయి. లేత పసుపు రంగు ప్లేట్‌లెట్ల సంచులు 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఒక యంత్రం అరల్లో రాత్రీపగలూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. ఎర్ర కణాల సంచిలో గ్లూకోజు కలిపిన ద్రావణం పోస్తారు. ప్లేట్‌లెట్ల సంచిని మాత్రం ఆక్సిజన్ లోపలికి చొరబడే ప్రత్యేకమైన ప్లాస్టిక్‌తో చేస్తారు.

రెండూ ఒకే దాత ఇచ్చిన రక్తం నుంచి వేరుచేసినవే కావచ్చు. అయినా ఒకదానికి గాలి కావాలి, రెండోదానికి అక్కర్లేదు. ప్లేట్‌లెట్‌లో మైటోకాండ్రియా ఉంటాయి. ఎర్ర కణంలో ఒక్కటీ ఉండదు.

మైటోకాండ్రియాను కణ శక్త్యాగారాలని హైస్కూల్లోనే చదువుకుంటాం. ఒక గ్లూకోజు అణువును ఆక్సిజన్ లేకుండా విడగొడితే కణానికి మిగిలేది 2 ఏటీపీ అణువులే. అదే పని మైటోకాండ్రియాలో ఆక్సిజన్ సాయంతో పూర్తయితే దాదాపు 30 దక్కుతాయి. కణాలన్నీ ఖర్చుపెట్టుకునే ఈ ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు.

ఎంత పని ఉంటే అన్ని మైటోకాండ్రియా. క్షణం ఆగని గుండె కండర కణంలో దాదాపు మూడోవంతు చోటు వీటిదే. కాలేయ కణంలో వెయ్యికి పైగా ఉంటాయి. స్త్రీ అండంలో లక్ష దాటుతాయి. మొక్కలకు హరితరేణువులు ఉన్నాయి కనుక మైటోకాండ్రియాతో పని లేదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. మట్టిలో ఉన్న వేరుకు వెలుగు అందదు, రాత్రి పూట ఆకుకూ అందదు. అందుకే మొక్కల కణాల్లో, పుట్టగొడుగుల్లో, ఈస్టులో కూడా ఇవి ఉంటాయి.

మరి ఎర్ర కణం సంగతేమిటి? పుట్టుకతో దానికీ అన్నీ ఉంటాయి. ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు కేంద్రకమూ ఉంటుంది, మైటోకాండ్రియా కూడా ఉంటాయి. పరిణతి చెందే దశలో కణం ముందు కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. తర్వాత తన మైటోకాండ్రియాను తానే పొరల్లో చుట్టి అరిగించేసుకుంటుంది. ఆ ప్రక్రియ పూర్తికాకుండానే రక్తంలోకి వచ్చిన లేత కణాల్లో కొన్ని మైటోకాండ్రియా ఇంకా మిగిలి ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో అవీ మాయమవుతాయి. మన ఒంట్లో ఇలాంటి కణాలు సెకనుకు దాదాపు 20 లక్షలు తయారవుతున్నాయి.

ఈ త్యాగం వల్ల ఒరిగేది పెద్దదే. ఒక్కో ఎర్ర కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఇమిడిపోతాయి. అన్నం క్యారియర్ మోసుకెళ్లే మనిషి దారిలో దాన్ని తినకుండా గమ్యం చేర్చినట్టు, ఈ కణం తన శక్తి కోసం ఆక్సిజన్‌ను వాడుకోకుండా కండరాలకూ మెదడుకూ అందిస్తుంది. గ్లూకోజును విడగొట్టి వచ్చే ఆ రెండు ఏటీపీలతోనే నెట్టుకొస్తుంది. పాడైన భాగాలను బాగుచేసుకునే శక్తి లేదు కనుక 120 రోజులకు దాని ఆయుష్షు తీరిపోతుంది.

ఇది క్షీరదాల పద్ధతి. కోడి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే కోలగా ఉన్న ఎర్ర కణాల మధ్యలో కేంద్రకం స్పష్టంగా కనిపిస్తుంది. వాటిలో మైటోకాండ్రియా కూడా ఉంటాయి. చేపలు, కప్పలు, బల్లులదీ ఇదే తీరు. మన ఒంట్లో మైటోకాండ్రియాను వదిలించుకునే కణాలు మరికొన్ని ఉన్నాయి. కంటి కటకం నడిమి కణాల్లో వెలుగుకు అడ్డొచ్చేవేవీ ఉండకూడదు. అందుకే అవి కేంద్రకాన్నీ మైటోకాండ్రియానూ పోగొట్టుకుని పారదర్శకమవుతాయి.

ఎర్ర కణానికి వేరే దారి లేకపోవడం ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ప్రిమాక్విన్ మాత్రలు ఇస్తారు. ఆ మందు కలిగించే రసాయన ఒత్తిడిని తట్టుకోవడానికి జీ-6-పీడీ అనే ఎంజైము కావాలి. అది కొరవడితే మైటోకాండ్రియా ఉన్న కణాలు ఇతర మార్గాల్లో తమను కాపాడుకోగలవు. ఎర్ర కణానికి ఆ మార్గాలు మూసుకుపోయి ఉంటాయి. కణాలు పగిలిపోయి మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, కళ్లు పచ్చబడతాయి. ఈ లోపం పుట్టుకతో వస్తుంది. రక్తపరీక్షతో దీన్ని తేలిగ్గా కనిపెట్టవచ్చు కనుక ఈ మందు మొదలుపెట్టేముందు ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది.

బ్యాక్టీరియాలో మైటోకాండ్రియా ఉండవు. శ్వాసక్రియను అవి తమ పైపొర మీదే జరుపుకుంటాయి. అసలు మైటోకాండ్రియా కూడా ఒకప్పుడు స్వేచ్ఛగా బతికిన బ్యాక్టీరియాయేనని, మరో కణంలో చేరి అక్కడే ఉండిపోయాయని లిన్ మార్గులిస్ 1967లో వాదించారు. చాలా పత్రికలు ఆమె వ్యాసాన్ని తిప్పిపంపాయి. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉండటం, అది బ్యాక్టీరియా డీఎన్ఏకు దగ్గరగా ఉండటం తర్వాత ఆమె వాదనకు బలమిచ్చాయి.

కేంద్రకం ఉన్న ఏకకణ జీవుల్లో మైటోకాండ్రియా లేనివి ఉన్నాయా అన్న ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం వెంటాడింది. నీళ్ల విరేచనాలు కలిగించే జియార్డియాలో లేవనే అనుకున్నారు. 2003లో దానిలోనూ కుంచించుకుపోయిన అవశేషాలు దొరికాయి. అవి శక్తిని తయారుచేయవు. ఇనుము, గంధకం కలిసిన చిన్న సముదాయాలను మాత్రం తయారుచేస్తాయి. ఆ సముదాయాలు లేకపోతే చాలా ఎంజైములు పనిచేయవు. 2016లో ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో అన్నా కార్న్‌కోవ్‌స్కా, వ్లాదిమీర్ హాంపుల్ బృందం మోనోసెర్కోమోనాయిడిస్ అనే జీవి జన్యువులను పూర్తిగా చదివింది. చించిల్లా అనే జంతువు పేగుల నుంచి సేకరించిన ఆ జీవిలో మైటోకాండ్రియా ఆనవాలు కూడా కనిపించలేదు. ఇనుము, గంధకం సముదాయాలను తయారుచేసే జన్యువులను అది బ్యాక్టీరియా నుంచి సంపాదించుకుంది.